ఢిల్లీ ఎయిర్‌బస్సా, హైదరాబాద్ ఏటీఆరా?

పైలట్‌గా నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఢిల్లీ బేస్‌గా, అంటే డ్యూటీలు అక్కడి నుంచే మొదలయ్యేలా, ఎయిర్‌బస్ ఏ320 అనే పెద్ద జెట్ మీద ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఉద్యోగం. ఆఫర్ లెటర్ వచ్చింది, గడువులోపు జవాబు చెప్పాలి. రెండోది, ఇప్పుడు నడుపుతున్న ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీదే ఉండి హైదరాబాద్ బేస్‌లో కెప్టెన్ కావడం. మూడోది, బేగంపేట నుంచి చార్టర్ విమానాలు తిప్పే ఒక చిన్న సంస్థ. అక్కడ పనిచేసే మా సీనియర్ ఫోన్ చేసి రమ్మన్నారు. మా అమ్మ నాలుగోది కూడా కలుపుతుంది. ఎక్కడైనా ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రమ్మంటుంది.

పెళ్లికి ముందైతే ఢిల్లీ లెటర్ మీద అదే రోజు సంతకం పెట్టేదాన్ని. ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్న పైలట్‌కు మన దేశంలోనైనా గల్ఫ్‌లోనైనా ఉద్యోగానికి కొదవుండదు. ఏటీఆర్ నడిపే సంస్థలు తక్కువ, జీతమూ తక్కువ. ఈ లెక్క ఫ్లయింగ్ క్లబ్‌లో చేరిన మొదటి వారంలోనే సీనియర్లు చెప్పేస్తారు. పెళ్లయ్యాక చేయాల్సిన లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఏ రాత్రి ఇంట్లో ఉంటాం, ఏ రాత్రి ఉండం, ఆ సంగతి ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది అన్నదే ఆ లెక్క. నా మటుకు నాకు జీతం, విమానం సైజు, చివరికి దూరం కూడా దీని తర్వాతే. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు కాబట్టి మా ఇంట్లో ఈ విషయం ఎలా తేలిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేముండేది నల్లగొండ పట్టణంలో. నా పుట్టిల్లు దేవరకొండ వైపు, అత్తగారిది హాలియా దగ్గర పల్లె. మా ఆయన వ్యవసాయ విస్తరణ అధికారి. ఆయన క్లస్టర్ నిడమనూరు మండలంలో ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి తప్ప మరో మాట వినిపించని ఊళ్లవి. నేను 2019లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్నాను. దానికి 200 గంటలు ఎగరాలి. ఆ గంటల కోసం మా నాన్న పొలం కాగితాలు బ్యాంకుకు వెళ్లాయి. లైసెన్సు చేతికొచ్చి ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతుండగా కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలే నిలిచిపోయాయి. మే 25న మళ్లీ మొదలయ్యాయి కానీ ఉన్న పైలట్లకే పని లేదు, కొత్తవాళ్లను ఎవరు తీసుకుంటారు? ఆ కాలమంతా నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. 2022లో ఉద్యోగం వచ్చింది, 2023లో పెళ్లయింది.

పెళ్లిచూపుల రోజు మామయ్య ఒకే ప్రశ్న అడిగారు: "రాత్రిళ్లు ఇంటికి వస్తావా అమ్మా?" అందరూ నా ముఖం చూశారు. "కొన్ని రాత్రులు వస్తాను, కొన్ని రాత్రులు రాలేను మామయ్యా. ఏ రోజు రానో నెల మొదలవకముందే చెబుతాను" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందే తెలిస్తే సరే" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా పనిచేసి విరమించిన మనిషి. డ్యూటీ చార్టు విలువ ఆయనకు తెలుసు.

మా సంస్థలో నెలాఖరుకు వచ్చే నెల రోస్టర్ ఫోనులోకి వస్తుంది. ఆ సాయంత్రం మేమిద్దరం వంటింటి గోడ మీది వెంకట్రామ క్యాలెండర్ దించి బల్ల మీద పరుస్తాం. తిథుల పక్కనున్న కాస్త జాగాలోనే నా డ్యూటీలు రాస్తాను. తెల్లవారుజామున రిపోర్ట్ చేయాల్సినవి నీలం ఇంకుతో, బయటి ఊళ్లో పడుకోవాల్సినవి ఎర్ర ఇంకుతో, స్టాండ్‌బై ఉన్నచోట ఒక చుక్క. స్టాండ్‌బై అంటే ఇంట్లో ఉన్నా లేనట్టే. పిలుపు వస్తే చెప్పిన సమయానికి విమానాశ్రయంలో ఉండాలి కాబట్టి ఆ రోజుల్లో నల్లగొండలో ఉండలేను. శంషాబాద్‌లో తోటి పైలట్ అమ్మాయిలతో కలిసి తీసుకున్న గదిలో ఉంటాను. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరాలంటే రెండు గంటల పైమాటే. రాత్రి డ్యూటీ దిగాక ఆ దారిన కారు నడపకూడదని పెళ్లయిన కొత్తలోనే ఇద్దరం మాట అనుకున్నాం. ఎంత బెంగగా ఉన్నా ఆ రాత్రి గదిలో పడుకుని, తెల్లారాకే బయలుదేరుతాను.

నా డ్యూటీలు రాయడం పూర్తయ్యాక మా ఆయన పెన్సిల్ తీసుకుంటారు. వ్యవసాయ శాఖలో పనిచేసేవాళ్లకు రోస్టర్ ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. ఉంటుంది, దాన్ని పంట రాస్తుంది. నాట్లు పడ్డాక పంట నమోదుకు ఊరూరా, చెలకా చెలకా తిరగాలి. యూరియా కొరత వచ్చిందంటే రైతు వేదిక ముందు క్యూ, ఫోన్ ఆగదు. అన్నిటికన్నా పెద్దది ధాన్యం కొనుగోళ్లు.

మొన్నటి యాసంగిలో నాకు రెండు రోజుల విశ్రాంతి దొరికి ఇంటికి వస్తే ఇంటికి తాళం ఉంది. ముందు రాత్రి అకాల వర్షం పడింది, ఆయన కొనుగోలు కేంద్రంలోనే ఉండిపోయారు. అన్నం, చారు, వంకాయ కూర డబ్బాలో పెట్టుకుని నేనే అక్కడికి వెళ్లాను. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కుప్పల మీద కప్పిన టార్పాలిన్లలో నీళ్లు నిలిచి ఉంటే ఆడవాళ్లు చెంబులతో తోడి బయట పోస్తున్నారు. తేమ 17 శాతానికి మించితే కాంటా వేయరు. మా ఆయన ఒక్కో కుప్పలో చెయ్యి మోచేతి దాకా దూర్చి లోపలి నుంచి గుప్పెడు గింజలు తీసి తేమ మీటర్లో పోస్తున్నారు. 19, 21, మళ్లీ 19. ఒక ముసలాయన ఆ అంకె చూడకుండా మా ఆయన ముఖమే చూస్తున్నాడు. "రేపు ఎండ కాస్తే సరిపోతుంది తాతా, ఎల్లుండి టోకెన్ నీదే" అన్నారు ఈయన. నేను డబ్బా పట్టుకుని రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో నాకొకటి తేటతెల్లమైంది. "నీ ఉద్యోగం ఎక్కడుంటే నేనక్కడికి వస్తాను" అని ఆయన పెళ్లప్పుడు ప్రేమగా అన్న మాటను నేను వాడుకోకూడదు. ఆయన పని ఆ కుప్పల దగ్గర ఉంది. దాన్ని ఢిల్లీకి తీసుకెళ్లలేం.

అందుకని ఢిల్లీ ఉద్యోగం తీసుకుంటే నేనొక్కదాన్నే వెళ్లాలి. సరే, వెళ్తే ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూశాం. పైలట్ల పని గంటల మీద పౌర విమానయాన డైరెక్టరేట్ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ఇచ్చింది. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలు చేసింది, రాత్రి దిగే ల్యాండింగ్‌ల మీద పరిమితి బాగా బిగించింది. 2025లో అవి విడతలుగా అమల్లోకి వచ్చాయి. పైలట్లకు, ప్రయాణికులకు కూడా మేలు చేసే నిబంధనలు. అలసిన కళ్లతో రన్‌వే చూడటమంటే ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అయితే 48 గంటలంటే చెవికి రెండు రోజుల్లా వినిపిస్తుంది. ఢిల్లీలో ఆదివారం రాత్రి పది గంటలకు డ్యూటీ దిగాననుకోండి. ఆ రాత్రికి హైదరాబాద్ రావడం కష్టం. సోమవారం ఉదయం విమానంలో సీటు ఖాళీగా ఉంటే, అదీ ఉద్యోగులకిచ్చే టికెట్టు కాబట్టి చివరి నిమిషం దాకా ఎదురుచూడాలి, శంషాబాద్‌లో దిగి నల్లగొండ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మంగళవారం రాత్రి పదింటికల్లా మళ్లీ డ్యూటీకి సిద్ధంగా, అలసట లేకుండా ఢిల్లీలో ఉండాలి. అంటే మంగళవారం పొద్దున టిఫిన్ తినగానే బయలుదేరాలి. మిగిలింది ఒక సాయంత్రం, ఒక రాత్రి. పండుగల్లో విమానాలు నిండిపోతాయి, ఆ ఒక్కటీ దొరకదు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచుకు విమానాలు గంటల కొద్దీ ఆగుతాయి. ఈ కాగితం చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అలాగని ఏటీఆర్ మీద పని తేలికని అనుకోకండి. పెద్ద జెట్ ఒకసారి ఎగిరి దిగే సమయంలో మేం రెండుసార్లు ఎగిరి దిగుతాం. విజయవాడ వెళ్లి రావాలి, ఆ వెంటనే రాజమండ్రి, కుదిరితే మరో సెక్టార్. ఎత్తు తక్కువ కాబట్టి ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో వేడిగాలి కుదుపులన్నీ మావే. ఆ రోజుల్లో డ్యూటీ దిగితే ఒళ్లు హూనమవుతుంది. కానీ చాలా డ్యూటీల్లో ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే తిరిగి వస్తాను. నాకు ఆ విమానం మీద మమకారం కూడా ఉంది, దాన్ని దాచుకోను. విజయవాడ వెళ్లేటప్పుడు ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడి కిటికీలోంచి సాగర్ జలాశయం కనిపిస్తుంది. ఎడమ కాలువ పొడవునా పచ్చని పట్టీ, దానికి ఇవతల ఎర్రచెలకలు. జలాశయం 590 అడుగులకు నిండి గేట్లు ఎత్తినప్పుడు డ్యామ్ కింద తెల్లగా మరుగుతున్న నీళ్లు ఆ ఎత్తు నుంచి కూడా తెలుస్తాయి. నా అత్తగారి ఊరు, నా భర్త తిరిగే పొలాలు, నా ఉద్యోగం అన్నీ ఒకే కిటికీలో ఉంటాయి. అలాంటి పని ఇంకెక్కడ దొరుకుతుంది?

బేగంపేట సంగతి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు లేవు. ప్రముఖుల విమానాలు, చార్టర్లు, శిక్షణ విమానాలు అక్కడి నుంచి ఎగురుతాయి. చార్టర్‌లో జీతం బాగుంటుంది, చిన్న వయసులోనే కమాండ్, అంటే కెప్టెన్ బాధ్యత, వస్తుంది, కొత్త కొత్త ఊళ్లు చూస్తాం. వింటుంటే ఆశ పుడుతుంది. కానీ రోస్టర్ ఉండదు. ఎవరికి ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలనిపిస్తే అప్పుడే మన డ్యూటీ. ఎన్నికలొచ్చాయంటే రెండు నెలలు మనిషి మనిషిలా ఉండడని మా సీనియరే చెప్పారు. ఉదయం ఫోను, మధ్యాహ్నానికి నాగపూర్, రాత్రి ఎక్కడ పడుకుంటారో సాయంత్రం దాకా తెలియదు.

దీని గురించి మా అమ్మమ్మతో మాట్లాడినప్పుడు ఆవిడ చెప్పిన విషయం ఇక్కడ రాయాలి. అమ్మమ్మది పాలమూరు జిల్లా. తాతయ్య మట్టి పనికి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లేవాడు. పాలమూరు కూలీలు కట్టని డ్యామ్, తవ్వని కాలువ దేశంలో తక్కువ. ఆరేసి నెలలు తాతయ్య ఊళ్లో ఉండేవాడు కాదు. "దూరం ఉన్నాడని ఏడ్చేదానివా?" అని అడిగాను. "దూరానికి ఏడవలేదు బిడ్డా. ఉగాదికి వస్తానని చెప్పిపోయిన ఏడు బాగానే గడిచేది. ఎప్పుడు వస్తాడో మేస్త్రీకే తెలుసు అని వెళ్లిన ఏడు మాత్రం ప్రతి బస్సుకూ లేచి చూసేదాన్ని" అంది. చార్టర్ ఉద్యోగం నాకు ఆ క్షణమే వద్దనిపించింది. మా ఆయన ప్రతి ఫోనుకూ లేచి చూడాల్సిన బతుకు నేను తెచ్చిపెట్టలేను. ఒంటరిగా ఉన్నవాళ్లకు, లేదా భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లోనే ఉన్నవాళ్లకు అది మంచి దారి కావచ్చు.

ఇన్‌స్ట్రక్టర్ పని నాకు మనసుకు దగ్గరిది. ఫిజిక్స్ చెప్పిన రోజుల్లో పిల్లల ముఖాలు వెలగడం చూశాను, గాల్లో అది ఇంకా బాగుంటుంది. శిక్షణ ఎక్కువగా పగటిపూటే, రాత్రిళ్లు ఇంట్లో ఉండవచ్చు. రుణం వాయిదా కట్టాక ఆ జీతంలో ఇల్లు గడవడం ఒక సమస్య. అంతకన్నా పెద్దది అత్తమ్మ భయం. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలిపోయింది. అందులో ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థి, చిన్న వయసు అమ్మాయి, చనిపోయింది. మా అత్తగారి ఊరికి అది పక్క మండలం. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. అత్తమ్మ చుట్టాలు ఆ పొలాల వైపు వాళ్లే. వాళ్ల నోట విన్నదంతా అత్తమ్మ మనసులో ఉండిపోయింది. "పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లుంటారు, పర్వాలేదు. చిన్నదాంట్లో మాత్రం వద్దు తల్లీ" అంటుంది. శిక్షణ విమానాలన్నీ ప్రమాదకరం కావని, పద్ధతిగా చేస్తే భద్రమేనని వివరించగలను. కానీ రోజూ నేను ఇల్లు దాటగానే ఆవిడ దేవుడి ముందు కూర్చునే ఉద్యోగం ఇప్పట్లో వద్దు. ఎప్పటికైనా పాఠాలు చెబుతాను, అది నా కోరిక. ఏటీఆర్ మీద అనుభవం పెరిగాక కంపెనీలోనే శిక్షణ ఇచ్చే కెప్టెన్ కావచ్చు. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదుండే నమూనా కాక్‌పిట్‌లో, పాఠం చెబితే అత్తమ్మకు కూడా అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మాకు పిల్లలు కావాలి. దీన్ని ఆడపైలట్లు బయట మాట్లాడరు. ఇంటర్వ్యూలో వినిపిస్తుందేమో, కమాండ్ జాబితాలో వెనక్కి నెడతారేమో అని. నేను మాట్లాడాలనే అనుకుంటున్నాను. మన దేశంలో పైలట్లలో స్త్రీలు సుమారు 15 శాతం, ప్రపంచ సగటుకు సుమారు మూడు రెట్లు. ఆ సంఖ్యను ఊరికే గర్వంగా చెప్పుకుంటే చాలదు, ఆ ఆడవాళ్లు తల్లులయ్యాక కూడా కాక్‌పిట్‌లో కొనసాగాలి. గర్భం నిర్ధారణ కాగానే చెప్పి తీరాలి, అక్కడి నుంచి ఎగరడం వైద్య పరీక్షల నిబంధనల మీద ఆధారపడుతుంది. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. తిరిగి వచ్చాక మళ్లీ మెడికల్, సిమ్యులేటర్, చెక్. గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే ప్రయాణికులతో ఎగరకూడదు కాబట్టి అవీ పూర్తిచేయాలి. మన జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టి వస్తుంది. నేల మీద ఉన్నన్నాళ్లూ అది తగ్గుతుంది, బ్యాంకు వాయిదా తగ్గదు.

కొత్త సంస్థలో, కొత్త విమానం మీద, శిక్షణ బాండు (శిక్షణకు బదులుగా ఇన్నేళ్లు పనిచేస్తామన్న ఒప్పందం) కింద, సీనియారిటీ జాబితాలో అట్టడుగున ఉన్నప్పుడు ఇదంతా వస్తే? టైప్ రేటింగ్ మధ్యలో ఆగిపోతే? ఇక్కడైతే నన్నెరిగిన సంస్థ, నాకు తెలిసిన విమానం. సెలవు మీద వెళ్లినా నా వరుస నాకుంటుంది. కమాండ్ ముందు వస్తే మంచిది, బిడ్డ ముందు వస్తే ఇంకా మంచిది. కమాండ్ కోసం బిడ్డను వాయిదా వేయకూడదని, బిడ్డ కోసం కమాండ్ వదలకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అత్తమ్మ "పిల్లను నేను చూసుకుంటాను, నువ్వు విమానం చూసుకో" అంది. ఢిల్లీలో ఒంటరిగా ఉంటే ఆ మాట నాకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

అందుకే ఢిల్లీకి రాలేనని రాసి పంపాను.

ఇది పంపిన రోజు నాకు బాధ కలగలేదని చెప్పను. ఎయిర్‌బస్ కాక్‌పిట్ బొమ్మ ఇంటర్ రోజుల నుంచి నా పుస్తకంలో ఉండేది. నాతో పాటు ఏటీఆర్‌లో చేరిన స్నేహితురాలు ఆ దారినే వెళ్లింది. దుబాయి, సింగపూర్ నుంచి ఫొటోలు పంపుతుంది. వాటిని సంతోషంగానే చూస్తాను, చూశాక కొంచెంసేపు మౌనంగా ఉంటాను. రుణం కూడా ఇంకొన్నేళ్లు సాగుతుంది, నాన్న పొలం కాగితాలు అప్పటిదాకా బ్యాంకులోనే. నాన్నకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. "కాగితాలు బ్యాంకులో ఉన్నా భూమి మన ఊళ్లోనే ఉందిగా. పంట పండుతూనే ఉంది" అన్నారు. ఈ ఉద్యోగంలో 65 ఏళ్ల దాకా ఎగరవచ్చు, నాకింకా ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది. ఏటీఆర్ కెప్టెన్‌గా సంపాదించే కమాండ్ గంటలకు ఏ సంస్థలోనైనా విలువుంటుంది. పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక, హైదరాబాద్ బేస్ దొరికితే ఎయిర్‌బస్ గురించి మళ్లీ ఆలోచిస్తాం.

కెప్టెన్ అయిన మొదటి ఏడాది సులువుగా ఉండదని కూడా తెలుసు. ఇప్పుడు ఫస్ట్ ఆఫీసర్లలో నేను సీనియర్‌ని, అడిగిన సెలవుల్లో సగమైనా దొరుకుతాయి. ఎడమ సీటులోకి మారగానే కెప్టెన్లలో అందరికన్నా జూనియర్‌ని అవుతాను. పండుగ డ్యూటీలు, స్టాండ్‌బైలు ముందు నా పేరు మీదే పడతాయి. క్యాలెండర్ మీద చుక్కలు పెరుగుతాయని మా ఆయనకు ఇప్పుడే చెప్పాను. ఆయన నవ్వి, కొనుగోళ్ల నెలలో నా చుక్కలు ఎన్నున్నా తనకు అభ్యంతరం లేదన్నారు.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు, ముఖ్యంగా పెళ్లి మాటలు నడుస్తున్నవాళ్లకు, నాకు తోచినవి చెబుతాను. ఆఫర్ లెటర్‌లో జీతం పేజీ చూడటానికి ముందు బేస్ ఎక్కడో రాసి ఉందా, దాన్ని మార్చే హక్కు ఎవరికుందో చూడండి. రోస్టర్ ఎన్ని రోజుల ముందు వస్తుందో, వచ్చాక ఎంత తరచుగా మారుతుందో ఆ సంస్థలో పనిచేస్తున్నవాళ్లను అడగండి; ఇంటర్వ్యూ గదిలో వచ్చే జవాబు సరిపోదు. బాండు ఎన్నేళ్లు, మధ్యలో ప్రసూతి సెలవు వస్తే ఆ కాలాన్ని ఎలా లెక్కిస్తారు, నేల మీద ఉన్న నెలల్లో చేతికెంత వస్తుంది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం మారాలంటే ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు ఇవ్వాలని 2017 నుంచి నిబంధన ఉంది. అంటే తొందరపడి చేరితే తొందరగా బయటపడలేరు. వైమానిక దళం అడిగేవాళ్లకు ఒక మాట: దుండిగల్‌లో శిక్షణ దొరకడం అదృష్టమే, రుణం అవసరమే ఉండదు. అయితే ఫ్లయింగ్ బ్రాంచికి వయసు 20 నుంచి 24 మధ్య ఉండాలి, లైసెన్సు ఉన్నవాళ్లకు 26 దాకా అవకాశం ఉంది. 25 నిండకుండా పెళ్లయి ఉండకూడదు. మీ ఇంట్లో పెళ్లికి తొందరపెడుతుంటే ఈ నిబంధన చూపించండి, పనికొస్తుంది.

పెళ్లి చేసుకోబోయే మనిషికి మీ రోస్టర్ ఒకటి తీసుకెళ్లి చూపించండి. పైలట్ అంటే యూనిఫాం, టోపీ, విదేశాలు అనుకునేవాళ్లకు తెల్లవారుజామున మూడింటి రిపోర్టింగ్ సమయం చూపించాలి. ప్రతి డ్యూటీకి ముందు శ్వాస పరీక్ష ఉంటుందని, 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదని, దసరాకు ఇంట్లో అందరూ ఈత కల్లు లొట్టి చుట్టూ కూర్చున్నా మీరు మజ్జిగ గ్లాసుతో ఉంటారని ముందే చెప్పాలి. మా ఆయన ఆ రోస్టర్ చూసి మొదట అడిగింది, "ఇందులో నిద్రపోయేది ఎప్పుడు?" అని. ఆ ప్రశ్న విన్నాకే నేను సంబంధానికి సరేనన్నాను.

కెప్టెన్ లైసెన్సుకు ఎగరాల్సిన 1500 గంటలు నాకు ఎప్పుడో దాటాయి. ఆ లైసెన్సు పరీక్షల్లో ఇంకో పేపరు మిగిలింది. ఇప్పుడు ఇంట్లో ఉన్న రోజుల్లో భోజనాల బల్ల మీద ఒక పక్క నా వాతావరణ శాస్త్రం, ఇంకో పక్క ఆయన పంట నమోదు జాబితాలు. సద్దుల బతుకమ్మకు సెలవు అడిగాను, జవాబు రావాలి. కమాండ్ శిక్షణ తేదీ ఖరారయ్యాక సిమ్యులేటర్ గురించి, ఎడమ సీటు గురించి విడిగా రాస్తాను. దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఫ్లయింగ్ స్కూల్ ఫీజుల గురించి అడిగినవాళ్లకు, విద్యారుణం మీద రాస్తున్న పోస్టు సగమైంది, పరీక్ష రాసి రాగానే పూర్తి చేస్తాను.